గొంగడి కట్టిన గదిలో రాక్ పాట

చొప్పదండిలో ఈ మధ్య కట్టిన ఏ ఇంట్లోనైనా, సామాను చేర్చకముందే, గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చేతులు ఆగినా చప్పుడు ఆగదు. గోడకూ గోడకూ మధ్య రింగుమంటూ కాసేపు తిరుగుతుంది. కింద పాలిష్ పట్టిన గ్రానైట్, నాలుగు వైపులా సిమెంటు గోడలు, పైన స్లాబు. గంగాధర, కొత్తపల్లి వైపు క్వారీల నుంచి ఓడలెక్కి దేశాలు దాటే రాయి ఇక్కడి ఇంటి నేల మీదికి సులువుగానే వస్తుంది. ఆ రాయి తన మీద పడ్డ ధ్వనిలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పీల్చుకోదు. మిగతాదంతా తిరగ్గొడుతుంది. నలుగురు కుర్రాళ్లు గిటారు, బేస్, డ్రమ్స్, ఒక డప్పు తెచ్చుకుని నాలుగు పాటల రికార్డు చేద్దామని ఇలాంటి గదిలో కూర్చుంటే, మైకు వాళ్ల పాటతో పాటు ఈ గదిని కూడా వింటుంది.

కొత్తగా బ్యాండు కట్టినవాళ్లు ముందుగా అడిగేది ఏ మైకు కొనాలి, కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి అని. నన్నడిగితే మొదటి రూపాయి గది మీద పెట్టమంటాను. గొంతు కాస్త పలచగా వచ్చిందా, గిటారు కాస్త మొద్దుగా వచ్చిందా, తర్వాత దిద్దుకోవచ్చు. గది మోత మాత్రం ఒకసారి కలిసిందంటే పాలలో పోసిన నీళ్లే. పూర్తిగా విడదీసే సాఫ్ట్‌వేర్ లేదు.

ఈ నాలుగు పాటల కొలతకు కూడా ఒక భౌతికశాస్త్ర కారణం ఉంది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీని తెచ్చింది. మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్ల ఏడంగుళాల రికార్డును దించింది. దాని మీద ఒక్కో పక్క ఒక్కో పాటే పట్టేది. 1952లో అదే కంపెనీ గాళ్లను దగ్గర దగ్గరగా చెక్కి, ఒక పక్క ఏడెనిమిది నిమిషాలు పట్టేలా చేసి, దానికి ఎక్స్‌టెండెడ్ ప్లే, అంటే ఈపీ అని పేరు పెట్టింది. ఊరికే రాలేదు ఆ నిడివి. మంద్రమైన ధ్వని, పెద్ద చప్పుడు గాడిని పక్కలకు ఎక్కువగా ఊపుతాయి. గాళ్ల మధ్య చోటు తగ్గిస్తే ఆ ఊపును కుదించాలి, అంటే రికార్డు మెల్లగా మోగుతుంది. నిమిషాలు కావాలా, చప్పుడు కావాలా అన్న బేరం అది. హెచ్‌ఎంవీ వేసిన తెలుగు సినిమా పాటల ఏడంగుళాల ఈపీలు పక్కకు రెండు పాటల చొప్పున మన ఇళ్లకు చేరింది ఆ బేరం కుదిరిన చోటే.

గాడి పోయినా కొలత నిలిచింది. కొత్త బ్యాండుకు పదిహేను, పదహారు నిమిషాలు చక్కగా సరిపోతాయి. ఆల్బం ఖర్చు ఉండదు, ఒక్క పాటలో ఇమడని సంగతి చెప్పుకోవచ్చు. వినిపించే దారి కూడా తెరిచే ఉంది. హైదరాబాదులో చౌరస్తా బ్యాండు తెలుగు పాటకు రెగే, రాక్ లయలు జోడించి ఇంటర్నెట్ దారినే జనంలోకి వెళ్లింది. ఇంకా దగ్గరకు వస్తే, చొప్పదండి నియోజకవర్గంలోనే ఉన్న మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ వాళ్లు, అందులో నటించే మన గంగవ్వ, తెలుగు తెలిసిన ప్రతి దేశానికీ చేరారు. ఊళ్లో ఉండి చేయలేమన్న మాట ఈ చుట్టుపక్కల ఎవరూ అనలేరు.

ఇంట్లో చేసిన రాక్ రికార్డు అనగానే నాకు గుర్తొచ్చేది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన ‘నెబ్రాస్కా’. అప్పటికే ఆయన పేరున్న గాయకుడు. న్యూజెర్సీలో తన పడకగదిలో కూర్చుని, టాస్కామ్ పోర్టాస్టూడియో అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో పాటలు నమూనాగా పాడి పెట్టుకున్నాడు. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండంతా కలిసి అవే పాటలను మళ్లీ వాయించింది. వాయింపు బాగానే ఉన్నా పాటలోని ఒంటరితనం పోయింది. చివరికి జేబులో పెట్టుకుని తిరిగిన ఆ క్యాసెట్టునే రికార్డుగా వేశారు. ఈ కథను చాలామంది యంత్రంతో పని లేదనడానికి చెబుతారు. నేను ఇంకోలా వింటాను. మంచం, పరుపు, కర్టెన్లు, తివాచీ ఉండే పడకగది ధ్వనిని పీల్చుకునే గది. గ్రానైట్ నేల మీద ఖాళీ హాల్లో అదే పాట, అవే మైకులు పెట్టి ఉంటే ఆ క్యాసెట్టు విడుదలయ్యేది కాదేమో.

గది ఎంత సేపు మోగుతుందో లెక్క కట్టవచ్చని మొదట చూపినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో ఒక మాట వినపడేలోపు వెనకటి మాటల మోత దాని మీద పడేది. దాన్ని బాగు చేయమని ఆయనకు అప్పజెప్పారు. సబీన్ ఊరు సద్దుమణిగాక, రాత్రిళ్లు, పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చేవాడు. ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఆపి, మోత అణగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో కొలిచేవాడు. మెత్తలు పెంచుతూ పోతే మోత తగ్గుతూ పోయింది. ఆ కొలతల్లోంచే సూత్రం పుట్టింది: గది ఘనపరిమాణం ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువ సేపు, పీల్చుకునే ఉపరితలం ఎంత ఎక్కువైతే అంత తక్కువ సేపు.

ఆ సూత్రాన్ని చొప్పదండికి తెద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గది. గోడలు, నేల, కప్పు కలిపి 680 చదరపు అడుగులు. సగటున నూటికి మూడు పాళ్ల ధ్వనినే అవి పీల్చుకుంటాయనుకుంటే, చప్పుడు పూర్తిగా అణగడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. తలుపులు, కిటికీలు, మనుషుల వల్ల కొంత తగ్గుతుంది గానీ పాటకు అదీ ఎక్కువే. ఇప్పుడు 200 చదరపు అడుగుల మేర గొంగళ్లు, బొంతలు వేలాడదీసి, వాటి మీద పడ్డ ధ్వనిలో సగం అవి మింగుతాయని లెక్క వేస్తే, మోత అర సెకనుకు దిగుతుంది.

గొంగడి పేరు ఊరికే ఎత్తలేదు. ముతక ఉన్ని పోగుల మధ్య వేల సన్న దారులుంటాయి. వాటిలోకి దూరిన గాలి అటూ ఇటూ రాచుకుని, ధ్వనిశక్తి వేడిగా మారిపోతుంది. దక్కనీ గొర్రె బొచ్చుతో కురుమలు నేసే గొంగడి, ఒగ్గు కథకులు భుజాన వేసుకునే ఆ గొంగడే, ఈ పనికి సరిగ్గా పుట్టినట్టుంటుంది. గోడకు అంటించకుండా మూడు అంగుళాలు ఎడం వదిలి కట్టాలి. గోడ దగ్గర గాలి కణాలు కదలలేవు, గోడకు అల పొడవులో నాలుగో వంతు దూరాన అన్నిటికన్నా ఎక్కువగా కదులుతాయి. గాలి కదిలే చోట ఉన్ని ఉంటేనే రాపిడి. మూడంగుళాల ఎడం సుమారు 1,100 హెర్ట్జ్ ధ్వనికి, అంటే మనిషి మాట స్పష్టత ఉండే ప్రాంతానికి సరిపోతుంది. చాలా చోట్ల గోడ నిండా అంటించే కోడిగుడ్ల అట్టల్లో ఈ గుణం లేదు. పలచని అట్ట హెచ్చు స్వరాలను కాస్త చెదరగొడుతుంది, అంతే. పైగా అంటుకుందంటే క్షణాల్లో మండుతుంది. ఆ అట్టలను పీకేయమని నా మనవి.

మంద్రధ్వని మాత్రం గొంగడికి లొంగదు. పది అడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య ఇరవై అడుగుల పొడవున్న అల చక్కగా ఇమిడి, తన మీద తానే పడి బలిసిపోతుంది. ఆ అల సుమారు 57 హెర్ట్జ్. పైన చెప్పిన గదికి ఎత్తు కూడా పది అడుగులే కాబట్టి అదే స్వరానికి రెండు వైపుల నుంచీ బలం వస్తుంది. బేస్ గిటారులో ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడల్లా గది గుమ్ముమంటుంది, పక్క స్వరాలు చప్పగా వినిపిస్తాయి. వాయించేవాడు తన వేళ్లను తిట్టుకుంటాడు. తప్పు వేళ్లది కాదు, తాపీ కొలతది. వేసవిలో ఇంకొక విచిత్రం. 25 డిగ్రీల గాలిలో సెకనుకు 346 మీటర్లు పోయే ధ్వని, మే నెలలో మన దగ్గరి 40 డిగ్రీల గాలిలో 355 మీటర్లు పోతుంది. గది మోగే స్వరం 58 హెర్ట్జ్ దాటి, పై అర్ధస్వరం వైపు జరుగుతుంది. దీనికి మందు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరువేరుగా ఉన్న గదిని వెతుక్కోవడం. లేదా గది మూలల్లో, మంద్రధ్వని ఒత్తిడి పోగయ్యే చోట, పత్తి దట్టంగా కూరిన దొడ్డు మూటలు నేల నుంచి కప్పు దాకా పేర్చడం. జమ్మికుంట పత్తి మార్కెట్ ఉన్న జిల్లాలో పత్తికి కరువు లేదు. మూట ఎంత మందమైతే అంత కిందికి పని చేస్తుంది. మంట దగ్గరికి రానివ్వకూడదని మాత్రం మరచిపోవద్దు.

ఇక నిశ్శబ్దం. ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి, కిటికీ మూయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇది శిక్షే. అందుకే తెల్లవారుజామున పాడుకోవడం మేలు. కరెంటు చేసే అల్లరి మాత్రం ఏ వేళైనా ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ప్రతి ఊపుకూ రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి కాబట్టి అది 100 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంది. ఎలక్ట్రిక్ గిటారు పికప్ అనేది అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగితీగ. తన మీది ఉక్కుతీగ కదలికతో పాటు ఇంట్లోని వైర్ల అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్లను ఎదురెదురుగా కలిపాడు. బయటి రొద రెండింటిలో వ్యతిరేకంగా పడి చెల్లిపోతుంది, తీగ ధ్వని మాత్రం కూడుతుంది. హంబకర్ అంటే అదే. బోరు మోటార్లు తిరిగే ఊళ్లో రాక్ వాయించేవాడికి అది విలాసం కాదు.

డప్పు దగ్గర కాసేపు ఆగాలి. రాక్ రికార్డులో డ్రమ్స్ పక్కన డప్పు చేరితే బాగుంటుందని చాలామందికి తోస్తుంది, ఎందుకు బాగుంటుందో శాస్త్రం చెబుతుంది. గుండ్రని తోలు కంపించినప్పుడు పుట్టే స్వరాలు 1, 1.59, 2.14, 2.30 అన్న నిష్పత్తుల్లో ఉంటాయి. తీగలో లాగా 1, 2, 3 అని వరుసగా ఉండవు. మృదంగం నడుమ పూసే నల్లని కరణి ఆ స్వరాలను వరుసలోకి లాగుతుంది. సి.వి.రామన్ 1920లోనే ఈ సంగతిని ‘నేచర్’ పత్రికలో రాశాడు. డప్పుకు కరణి లేదు. అందుకే దానికి ఒక స్థిరమైన శ్రుతి వినపడదు, అందుకే గిటారు ఏ శ్రుతిలో ఉన్నా దానితో తగవు పడదు. తోలును మంట దగ్గర కాచినప్పుడు అందులోని తేమ పోయి బిగుస్తుంది, మోత కణకణలాడుతుంది. వాయిస్తూ ఉంటే మళ్లీ తేమ పట్టి దిగుతుంది. మొదటి పాటలో మోగిన డప్పు నాలుగో పాటకు వేరే డప్పులా వినిపించేది ఇందుకే. గది బయట కాచుకునే ఏర్పాటు ఉండాలి, పాటపాటకూ కాచాలి. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ రెండూ వేరుగా తెలియాలంటే మైకు అంచు వైపు చూడాలి, రెండు మూడు అడుగుల ఎడం ఉండాలి. మరీ దగ్గర పెడితే ఒక్క దెబ్బకే సంకేతం నెత్తి కోసినట్టు తెగిపోతుంది.

రెండో మైకు పెడదామన్న కోరిక పుడుతుంది. జాగ్రత్త. ఒక మైకు ఇంకో మైకు కన్నా ఒక అడుగు వెనక ఉంటే, 568 హెర్ట్జ్ దగ్గర ఒక దానిలో అల పైకి లేచినప్పుడు రెండో దానిలో కిందికి దిగుతుంది. రెండూ కలిపితే ఆ స్వరం మాయం. దాని మూడింతల దగ్గర, ఐదింతల దగ్గర కూడా అంతే. పది మైకులు పెట్టి పలచగా వచ్చిన డ్రమ్స్ కన్నా మూడు మైకులు చోటెరిగి పెట్టి నిండుగా తెచ్చిన డ్రమ్స్ నాకు ఇష్టం.

మైకు తెచ్చిన విద్యుత్తును కంప్యూటర్ సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెగా రాసుకుంటుంది. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాకానే వింటుంది, దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే ఏమీ జారిపోదు. వాయించినవాడి హెడ్‌ఫోన్‌కు ఈ అంకెలు తిరిగి ధ్వనిగా మారి రావడానికి నాలుగైదు మిల్లీసెకన్లు పడితే ఇబ్బంది లేదు, ఆరడుగుల దూరంలో ఉన్న యాంప్లిఫయర్ వినడానికి కూడా అంతే పడుతుంది. ఇరవై దాటితే మాత్రం చేయి తడబడుతుంది.

ఒక్కో వాయిద్యాన్ని వేరుగా రికార్డు చేసి కలపడం ఇప్పుడు మామూలు. 1950ల్లో గిటారిస్టు లెస్ పాల్ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం చేయించుకున్నప్పుడు అది అద్భుతం. బీటిల్స్ తమ మొదటి ఆల్బంలోని పది పాటలను 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో, రెండు ట్రాకుల మీద ముగించారు. ఆ పాటల్లోని ఊపు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూస్తూ వాయించడం వల్ల వచ్చింది. డప్పు కొట్టేవాళ్లు ఆడేవాళ్ల అడుగును చూసి వేగం పెంచుతారు, దించుతారు. చెవిలో టిక్ టిక్ మనే క్లిక్ పెట్టి వాళ్లను కట్టేస్తే, తాళం తప్పదు గానీ ప్రాణం తప్పుతుంది. డప్పు, డ్రమ్స్, బేస్ ఒకే గదిలో కలిసి వాయించి, గిటారు, గొంతు తర్వాత చేర్చడం నా సలహా.

గిటారు రాక్ గిటారు అయ్యేది వక్రీకరణ వల్ల. యాంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా పెద్ద అలను దానికిస్తే, అల నెత్తి, పాదం తెగి చదును అవుతాయి. ఆ తెగిన మూలల్లోంచి అసలు తీగలో అంత బలంగా లేని ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. రెండు స్వరాలను కలిపి తోస్తే వాటి తేడా కూడా ఒక కొత్త స్వరంగా పుడుతుంది. షడ్జమం, పంచమం 2:3 నిష్పత్తిలో ఉంటాయి, తేడా 1, అంటే షడ్జమానికి సరిగ్గా ఒక స్థాయి కింద. అందుకే ఆ జంట కొండలా వినిపిస్తుంది. మధ్యలో గాంధారం చేర్చారా, పుట్టే తేడాలన్నీ పొంతన కుదరక ముద్దవుతుంది. రాక్ గిటారిస్టులు పవర్ కార్డ్ అని వాయించేది, మన తంబూరా పొద్దస్తమానం మోగించేది, ఒకే స-ప జంట.

ఈ ఉపస్వరాల వల్ల ఇంకో పెద్ద మేలుంది. పాట వినేవాళ్లలో ఎక్కువమంది వినేది ఫోన్ స్పీకర్లో. ఆ చిన్న రేకు 200 హెర్ట్జ్ కిందికి దాదాపు పలకదు. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. మరి ఫోన్లో కూడా బేస్ ఎలా తెలుస్తుంది? 206, 247, 288 హెర్ట్జ్ ఉపస్వరాలు చెవిని చేరతాయి. వాటి మధ్య తేడా ప్రతిసారీ 41. మెదడు ఆ తేడాను పట్టుకుని, లేని మూలస్వరాన్ని తానే నింపుకుంటుంది. కాబట్టి బేస్ గిటారుకు కొద్దిగా వక్రీకరణ కలిపితే ట్రాక్టర్ మీది డబ్బా స్పీకర్లో కూడా అది బతుకుతుంది. అది తెలియక బేస్ బటన్ తిప్పుతూ పోతే ఫోన్లో ఏమీ పెరగదు, పెళ్లి డీజేలో మాత్రం కిటికీలు అదురుతాయి.

గొంతు దగ్గర ఒక్కటే మాట. ఆటోట్యూన్‌ను 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో భూకంప తరంగాలను విశ్లేషించేవాడు. భూమి పొరల నుంచి తిరిగొచ్చే అలలో పోలికలు వెతికే గణితమే గొంతులోని శ్రుతిని పట్టడానికి పనికొచ్చింది. గొప్ప ఆవిష్కరణ. కానీ అది పియానో మెట్లను దృష్టిలో పెట్టుకుని దిద్దుతుంది. తెలంగాణ పాటలో గొంతు మెట్టు నుంచి మెట్టుకు దూకదు, జారుతుంది. పదం చివర దీర్ఘం తీసి కిందికి దించడంలోనే ఆ దుఃఖం, ఆ ఎకసెక్కెం ఉన్నాయి. దాన్ని మెట్లకు కట్టేస్తే ఆ పాట ఏ ఊరిదో తెలియదు. దిద్దుబాటు వేగాన్ని తగ్గించండి, లేదా ఇంకోసారి పాడించండి.

మిక్సింగ్ మెల్లని చప్పుడులో చేయాలి. 1933లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపినట్టు, చప్పుడు పెరిగేకొద్దీ చెవికి మంద్రం ఎక్కువగా వినిపిస్తుంది. గట్టిగా పెట్టుకుని కలిపిన పాటను ఇంట్లో మెల్లగా వింటే బేస్ ఎటుపోయిందో తెలియదు. ఆఖరి మెరుగు, మాస్టరింగ్, దగ్గర గట్టిగా మోగించాలన్న ఆరాటం వద్దు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బంను అంత గట్టిగా నొక్కి వదిలితే అభిమానులే గోల చేశారు. ఇప్పుడైతే స్పాటిఫై వంటి వేదికలు ప్రతి పాటనూ కొలిచి దాదాపు ఒకే స్థాయికి, చప్పుడు కొలమానంలో సుమారు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు, దించుతాయి. నొక్కిన పాట గట్టిగా వినపడదు, నలిగినట్టు వినపడుతుంది.

పాట ఫైలు వెళ్లేటప్పుడు దానితో పాటు ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల గుర్తు, కొన్ని ఖాళీ గడులు వెళ్తాయి. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, వాయించినవాళ్లు. మన జానపద రికార్డుల్లో గాయకుడి పేరు ఉంటుంది, కీబోర్డు పేరు ఉంటుంది. డప్పు గడి తరచూ ఖాళీగా పోతుంది. భారత కాపీరైటు చట్టం కింద వాయించినవాళ్లకు 50 ఏళ్ల పాటు ప్రదర్శకుల హక్కు ఉంది, 2012 సవరణ తర్వాత రాయల్టీ కూడా అడగవచ్చు. అడగాలంటే పేరు ఉండాలి. అమ్మమ్మల నోటి నుంచి తీసుకున్న పాటైతే ఏ ఊళ్లో ఎవరి దగ్గర విన్నారో అదీ రాయండి. నాలుగు పాటలకు ఆ గడులన్నీ నింపడం ఒక పూట పని, అప్‌లోడ్ బటన్ నొక్కే ముందే చేయవలసిన పని.